మగ్గం కింద నీళ్ళు

పైన్ కట్, మిషిగన్
ఫిబ్రవరి నెలాఖరు

మార్లిస్‌కి,

నువ్వు పంపిన నారింజపళ్ళ పెట్టె అందింది. ఒక్క ప్రాణికి అన్ని పళ్ళేమిటి? తిన్నన్ని తిన్నాను, మిగతావి వడిలిపోయాయి. మీ అక్క ఉంటే వీధిలో సగంమందికి పంచేది. నాకా పంచడం చేతకాదు. ఎవరింటి తలుపు కొట్టాలో తెలియదు.

ఫోన్ చేశానని రాశావు. మోగినట్టు తెలిసింది, ఎత్తాను కూడా. గోనెసంచిలో పిల్లి అరిచినట్టుంది తప్ప నీ మాట ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. జీవితమంతా రేకులు కొట్టే ఫ్యాక్టరీలో ఉన్న చెవులివి. ఎదురుగా కూర్చుని చెబితే సగం వింటాయి, ఫోన్లో అసలు వినవు. నువ్వు ఉత్తరాలే రాయి.

మీ అమ్మగారి మగ్గం సంగతి అడిగావు. అలాగే ఉంది, నేలమాళిగలో, మీ అక్క ఆపిన చోటే. తివాచీ సగం పైగా అయింది. పేకలో వేసిన నీలం పేలిక చివర ఇంకా వేలాడుతోంది. నా తరవాత అది నీదే, నాకు గుర్తుంది.

ఇక్కడ మంచు కరగడం మొదలైంది. కరిగిన నీరంతా భూమిలోకి దిగి ఇంటి కింద చేరుతుంది. నేలమాళిగ మూల గుంట ఉంది చూడు, అందులో నీళ్ళు ఊరగానే పంపు దానంతటదే తిరిగి బయటికి తోసేస్తుంది. పంపు తిరిగినంతకాలం ఏ భయమూ లేదు. కానీ మొన్న వానలో కరెంటు పోయింది. వానా కరెంటూ కూడబలుక్కున్నట్టే చేస్తాయి. నీళ్ళు గుంట దాటి నేల మీదికొచ్చాయి. బకెట్టుతో ముంచి, మెట్లెక్కి, వంటింటి తొట్టిలో పోసి, మళ్ళీ దిగి... కరెంటు వచ్చేసరికి నా నడుం నాది కాదు. మగ్గం కాళ్ళ దాకా రాకుండా ఆపగలిగాను. అంతే చాలు.

పక్కింటి డెల్బర్ట్ హ్రుస్కా తన పంపు గొట్టాన్ని ఇప్పటికీ నా గోడ వైపే తిప్పి పెట్టాడు. వాడింటి నీళ్ళు నా గోడ పక్కన పడి, నా గుంటలోకే దిగుతాయి. అంటే వాడి నీళ్ళు కూడా నేనే తోడుతున్నానన్నమాట. ఈ మాట వాడితో అని ఏళ్ళయింది. ఆనాటి నుంచీ మాటల్లేవు. మీ అక్క మాత్రం నవ్వేది. "వాళ్ళ నీళ్ళే కదా వచ్చేది, వాళ్ళు రావట్లేదుగా" అనేది.

ఉంటాను,
ఆర్విల్


యూమా, అరిజోనా
మార్చి

బావా,

నడుం విరగ్గొట్టుకుని వీరగాథ రాశావు. పతకం పంపమంటావా?

ముందు ఒక మాట. మెట్ల మీదుగా పైకి రానంత పెద్ద మగ్గాన్ని నేలమాళిగలో బిగించిన బుద్ధిమంతుడివి నువ్వే. అప్పుడే అన్నాను. "ఇక్కడైతే వెర్నాకి ఎండాకాలం చల్లగా ఉంటుంది" అని మా అక్కని వెనకేసుకొచ్చావు. సరే, బిగించావు. ఇప్పుడు విప్పు. ముక్కలు ముక్కలుగా పైకి చేర్చి ముందు గదిలో పెట్టు. నీ ముందు గదిలోకి ఎవరొచ్చి కూర్చుంటున్నారు గనక?

విప్పాలంటే పడుగు కొయ్యాలి, అదేగా నీ బాధ? కత్తెర తీసుకుని కోసెయ్ బావా. అది తివాచీ. సగంలో కోసినా తివాచీయే. కాస్త పొట్టిగా ఉంటుంది, మన లిల్లియన్ పిన్నిలాగా.

అది నీవల్ల కాదని నాకు తెలుసు. కాబట్టి ఇంకో ఉపాయం చెప్తాను. చలికాలం వస్తే మీ చలిదేశాల ముసలాళ్ళంతా బళ్ళేసుకుని మా ఎడారిలో దిగుతారు కదా. ఇక్కడ కరెంటు స్తంభం ఉండదు, ఏమీ ఉండదు. అయినా వాళ్ళకి ఫ్రిజ్ నడుస్తుంది, టీవీ నడుస్తుంది. సూట్‌కేసంత బ్యాటరీ పెట్టె ఒకటి పెట్టుకుంటారు. ఇంట్లో గోడకి తగిలించి నింపుకోవచ్చు, కరెంటు పోయినప్పుడు దేన్నయినా దానికి తగిలించుకోవచ్చు. పొగ లేదు, తాడు లాగక్కర్లేదు. నీ భుజం నొప్పితో జనరేటరు తాడు లాగలేవు. అలాంటిది ఒకటి కొను.

మా ఆయన జీన్ ఇక్కడే ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "మీ బావ మొండితనానికి ప్లగ్గు పెడితే ఊరంతా దీపాలు వెలుగుతాయి, మళ్ళీ బ్యాటరీ ఎందుకు?" అంటున్నాడు.

జవాబు రాయి. వంకలు కాదు, జవాబు.

మార్లిస్


పైన్ కట్
ఏప్రిల్ మొదటివారం

మార్లిస్‌కి,

నీ మాట విన్నాను. పెట్టె వచ్చింది. సూట్‌కేసంత అన్నావు. సూట్‌కేసు నిండా ఇటుకలు పెట్టినంత, అని రాయాల్సింది. ఒక్కో మెట్టు మీద దింపి, నేనూ కూర్చుని, మళ్ళీ దింపి, అలా కిందికి చేర్చాను.

కొనే ముందు చదువుకున్నాను. పంపు తిరిగేటప్పుడు తినే కరెంటు కంటే, మొదలయ్యేటప్పుడు ఒక్క గుక్కలో లాగేది చాలా ఎక్కువట. ఆ మొదటి గుక్కకి తట్టుకోలేని పెట్టెలు ఠక్కున ఆగిపోతాయట. తట్టుకునేదే తెప్పించాను. ఆదివారం పరీక్ష పెట్టాను. పంపుని గోడ నుంచి పీకి పెట్టెకి తగిలించి, గుంటలో బకెట్లతో నీళ్ళు పోశాను. పంపుని నడిపించే తేలే బంతి పైకి లేచింది. పెట్టె ఒకసారి మూలిగింది, పంపు అందుకుంది. గుంట ఖాళీ అయింది! నేను వెనక్కి తిరిగి "చూశావా?" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

పడుగు మాత్రం కొయ్యను మార్లిస్. ఆ రోజు సంగతి నీకు పూర్తిగా రాయలేదేమో. ఆ నీలం పేలిక నా పాత పని చొక్కా. దాన్ని చింపుతూ, "ఈ చొక్కా ఇన్నాళ్ళకి పనికొచ్చింది, నువ్వేసుకున్నప్పటికంటే ఇక్కడే బావుంది" అంది. సగం వరస నేసి, "ఉండు, కాఫీ పెట్టొస్తా" అని పైకెళ్ళింది. నేను కిందే పంపు గొట్టానికి పట్టీ బిగిస్తున్నాను. పైన తను పడిన చప్పుడు నా చెవులకి వినబడలేదు. కాఫీ ఎంతకీ రాలేదేమని నేను పైకి వెళ్ళేదాకా...

ఆ వరస అలాగే ఉండనీ.

జీన్‌కి చెప్పు, ఊరంతటికీ కాదు గానీ మా వీధికి సరిపడా మొండితనం ఉందని.

ఆర్విల్


పైన్ కట్
ఏప్రిల్ నెలాఖరు

మార్లిస్‌కి,

ఇక్కడి తుఫాను సంగతి మీ టీవీలో చూపించే ఉంటారు. కరెంటు పోయింది. నది వంతెన మీదికి వచ్చింది. నేను క్షేమం. బ్యాటరీ బాగా పనిచేసింది, నీ సలహాకి కృతజ్ఞతలు. జీన్‌ని అడిగానని చెప్పు.

ఆర్విల్


యూమా
మే

బావా,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? కృతజ్ఞతలట! నాకు కృతజ్ఞతలు చెప్పడం నీకెప్పుడు అలవాటైంది?

బ్యాటరీ బాగా పనిచేసిందన్నావు. సంతోషం. మగ్గం ఎలా ఉంది? ఆ ఒక్క మాటా రాయలేదు. ఫోటో తీసి పంపు. నీ నేలమాళిగంతా ఫోటో తియ్యమనడం లేదు, మగ్గం ఒక్కటి. మా అమ్మ కాళ్ళ కింద అరిగిన ఆ తొక్కుడు చెక్కలు కనబడేలా తియ్యి. చిన్నప్పుడు నేనూ అక్కా వాటి కింద దూరి ఆడుకునేవాళ్ళం. పైన మా అమ్మ తొక్కుతుంటే, ఏ చెక్క ఎప్పుడు దిగుతుందో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళ నెత్తి మీద పడేది. అక్క ఎప్పుడూ తప్పు చెప్పేది కాదు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. జీన్ తోటలో గొట్టం పట్టుకుని కాక్టస్‌కి నీళ్ళు పోస్తున్నాడు. దానికి నీళ్ళెందుకయ్యా అంటే, "ఎవరూ అడగలేదని దానికి దాహం వెయ్యదా?" అన్నాడు.

ఫోటో పంపు.

మార్లిస్


యూమా
మే, మళ్ళీ

ఆర్విల్,

జవాబు లేదు. బావా అనడం లేదు చూశావా? ఏమైందో చెప్పు.

మార్లిస్


పైన్ కట్
జూన్

మార్లిస్‌కి,

నీకు అబద్ధం రాయలేదు. బ్యాటరీ బాగానే పనిచేసింది. మా ఇంట్లో కాదు, అంతే.

మొదటినుంచీ చెప్తాను. కోపం వస్తే చివరిదాకా చదివాక తెచ్చుకో.

ఆ రోజు పొద్దున్న నుంచీ కుండపోత. మధ్యాహ్నం భోజనం వేళకి కరెంటు పోయింది. నేను సిద్ధంగా ఉన్నాను. కిందికి దిగి పంపుని పెట్టెకి తగిలించాను. అది తిరగడం, ఆగడం, తిరగడం, ఆగడం. చక్కగా నడుస్తోంది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. గొడుగేసుకుని బయటికి కూడా వెళ్ళాను. డెల్బర్ట్ గొట్టంలోంచి నీళ్ళు రావడం ఆగిపోయిందో లేదో చూద్దామని. ఆగిపోయింది. వాడి నేలమాళిగ మునుగుతోందని లోపల్లోపల సంతోషం వేసిందనే చెప్తాను.

అప్పుడు వాళ్ళ కిటికీ అద్దం మీద ఎవరో కొడుతున్నట్టు కనిపించింది. డెల్బర్ట్ భార్య ఆర్డిత్. చేతిలో చెంచా ఉంది. ముక్కు కింద గొట్టం. ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టారని మీ అక్క ఒకసారి చెప్పింది, నేను పట్టించుకోలేదు. ఎంతసేపటి నుంచి కొడుతోందో. చెవులున్నవాడైతే ముందే వచ్చేవాడు.

వెళ్ళాను. తలుపు తీసే ఉంది.

"డెల్బర్ట్ ఏడి?" అన్నాను.

"కొత్త సిలిండర్లు తేవడానికి పొద్దున్న వెళ్ళాడు. వంతెన మూసేశారట. అవతలే ఉండిపోయాడు."

"మిషను?"

"కరెంటు లేదుగా." పక్కనున్న చిన్న సిలిండరు చూపించింది. దాని ముల్లు ఎర్రగీతకి దగ్గర్లో ఉంది.

"ఫైరింజన్ వాళ్ళకి చెప్పారా?"

"చెప్పాను. పడవ తెస్తారట. ముందు ఏటి పక్క ఇళ్ళవాళ్ళని చేర్చి వస్తాం, చీకటి పడుతుందేమో అన్నారు." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మిమ్మల్ని శ్రమ పెట్టాలని కాదు ఆర్విల్ గారూ. ఊరికే, ఎవరైనా పక్కన ఉంటే బావుణ్ణనిపించింది."

మార్లిస్, ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. నా దగ్గర అలాంటి పెట్టె ఉందని ఆవిడకి తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఇప్పుడే వస్తాను" అని చెప్పి మా ఇంటికి వచ్చాను.

నేలమాళిగలో పంపు తిరుగుతోంది. మగ్గాన్ని ఎత్తి ఏదైనా ఎత్తు మీద పెడదామని చూశాను. ఒక పక్క కాళ్ళ కింద రంగు డబ్బాలు దూర్చగలిగాను. రెండో పక్క నావల్ల కాలేదు. ఇంకెవరైనా ఒక్క మనిషి ఉంటే అయ్యేది. పంపు తిరుగుతుండగా ప్లగ్గు పీకలేకపోయాను. అది గుంట ఖాళీ చేసి ఆగేదాకా ఆగి, అప్పుడు పీకాను. మీ అక్క తోటపని తోపుడుబండిలో పెట్టెని వేసుకుని, బురదలో తోసుకుంటూ తీసుకెళ్ళాను.

ఆర్డిత్ మిషను పెద్దగా కూసి అందుకుంది. పెట్టె మీద అంకెలు మెల్లగా తగ్గుతున్నాయి. పంపైతే మధ్యమధ్యలో ఆగుతుంది, ఇది ఆగకూడదు కదా. అందుకే దీపం కూడా తగిలించనివ్వలేదు ఆవిడ. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇక్కడొచ్చింది చిక్కు. నాకు వినబడేలా చెప్పిన ఆ నాలుగు మాటలకే ఆవిడ ఓపిక అయిపోయింది. మెల్లగా అంటే నాకు వినబడదు. ఇక నేనే మాట్లాడాలి. ఏం మాట్లాడను? ఫ్యాక్టరీ గురించి చెప్పాను. నువ్వు పంపిన నారింజల గురించి చెప్పాను. తరవాత వెర్నా గురించి చెప్పాను. నేను పైకి వెళ్ళి వంటింట్లో ఏం చూశానో, చూశాక ఏం చేశానో, అంబులెన్సు వచ్చేదాకా నేల మీద పక్కన కూర్చుని తనతో ఏమన్నానో, అంతా. నీకు కూడా చెప్పనివి. పక్కింటావిడకి, ఏళ్ళ తరబడి మొహం చూడని మనిషికి చెప్పాను. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి ఉంచింది. కిటికీలోంచి మా ఇల్లు కనబడుతూనే ఉంది. నేను అటు చూడలేదు.

పడవ వచ్చేసరికి పెట్టె దాదాపు ఖాళీ. ఆవిణ్ణి జాగ్రత్తగా ఎక్కించుకుని తీసుకెళ్ళారు. నేను ఇంటికొచ్చి నేలమాళిగ తలుపు తీశాను. కింది మెట్లు కనబడలేదు. నల్లటి నీళ్ళు. అందులో మగ్గం పైభాగం మాత్రం, పడవ మునిగినట్టు ఒక పక్కకి ఒరిగి. ఆ రంగు డబ్బాలే దాన్ని ఒరగదోశాయి. ఏమీ చెయ్యకుండా వదిలేసి ఉంటే నిటారుగానే ఉండేది.

కరెంటు మర్నాడు వచ్చింది. నీళ్ళు పోయాక చూస్తే కీళ్ళన్నీ విడిపోయాయి. తొక్కుడు చెక్కలు ఉబ్బి చీలిపోయాయి. మీ అమ్మగారి కాళ్ళ అరుగుదల ఇప్పుడు తెలియడం లేదు. తివాచీ చుట్టుకున్న కర్ర మీద మురుగు పట్టి బిగిసిపోయింది. వారం ఆగాను. వాసన భరించలేక, పడుగు కోశాను. కడిగి తీగ మీద ఆరేశాను. బూజు వదల్లేదు. చివర నేసిన కాస్త భాగం, నీళ్ళకి పైన ఉండిపోయింది, అది బాగుంది. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీలం చొక్కా వరస అందులోనే ఉంది. అది సగం వరసే.

డెల్బర్ట్ వచ్చాడు. గుమ్మం లోపలికి రాకుండా నిలబడ్డాడు. "ఆర్డిత్ చెప్పింది" అన్నాడు. తీగ మీద ఆరేసిన తివాచీ చూసి, "మీ నేలమాళిగ మునిగిందని నాకు చెప్పలేదేమయ్యా?" అన్నాడు. "నువ్వు అడగలేదుగా" అన్నాను. మర్నాడు పారతో వచ్చి తన గొట్టాన్ని వీధి కాలవ దాకా తవ్వి పూడ్చాడు. సాయం పట్టనా అంటే వద్దన్నాడు. పట్టాను.

పెట్టె ఇప్పుడు ఆర్డిత్ మంచం పక్కనే ఉంది. వెనక్కి తీసుకోనని చెప్పేశాను. నాకు కింద కాపాడుకోవాల్సింది ఏముంది గనక.

అది నీకు రావాల్సిన మగ్గం మార్లిస్. నిన్ను అడక్కుండా ఇచ్చేశాను. ఏమన్నా పడతాను.

ఆర్విల్


యూమా
జులై

బావా,

నీ ఉత్తరం చదివి రోకలి పుచ్చుకుని మిషిగన్ దాకా రావాలన్నంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మా అమ్మ, అక్క, ఇద్దరూ మళ్ళీ పోయినట్టుంది. నిన్ను తిట్టడానికి కాగితం తీసుకున్నాను, రోజుల తరబడి బల్ల మీదే ఉంది. ఎలా తిట్టను? ఆవిడ చెంచాతో అద్దం మీద కొట్టడమే కనబడుతోంది. అక్కే కింద ఉండి ఉంటే నీకంటే ముందు ప్లగ్గు పీకేది. పంపు ఆగేదాకా కూడా ఆగేది కాదు.

తివాచీ ముక్క అందింది. బూజు వాసన ఏమీ లేదు, నువ్వన్నట్టే బాగుంది.

నీ ఉత్తరం జీన్‌కి చదివి వినిపించానని, ఆయన ఇలా అన్నాడని రాయబోయాను. ఏం అన్నాడని రాయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. రాయలేకపోయాను. నువ్వు అంత నిజం రాశాక చెయ్యి ఆడలేదు.

జీన్ ఇంట్లో లేడు బావా. జనవరి నుంచీ లేడు. మతిమరుపు అని నీకు రెండేళ్ళ కిందట నవ్వుతూ రాశాను చూడు, అది ముదిరింది. పొయ్యి వెలిగించి ఎడారిలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు ఒకరోజు. అలాంటివాళ్ళని చూసుకునే ఇంట్లో చేర్చాను. నీకు రాసిన ఆయన మాటలన్నీ పాతవే. బ్యాటరీది, కాక్టస్‌ది, అన్నీ ఎప్పుడో ఏదో సందర్భంలో అన్నవి. మార్చి, కూర్చి, ఒక్కొక్క ఉత్తరంలో ఒక్కొక్కటి పెట్టాను. రాస్తున్నంతసేపూ ఆయన ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉండేది. అక్క పోయి ఏడాది కాలేదు, నీకు ఇంకో దుఃఖం ఎందుకని కూడా అనుకున్నాను. అది రెండో కారణం, మొదటిది కాదు.

రోజూ మధ్యాహ్నం వెళ్తాను. నన్ను "నర్సమ్మా" అంటాడు. మర్యాదగానే. "మా ఆవిడ వచ్చే వేళయింది, అందాకా కాస్త కూర్చుంటారా?" అంటాడు. కూర్చుంటాను. ఇద్దరం కలిసి నాకోసం ఎదురుచూస్తాం. వేళ అయిపోయాక, "ఇవాళ రాలేదు, పాపం, ఏదో పని ఉండి ఉంటుంది" అని నాకే సర్దిచెప్తాడు. అక్కడ ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. నాకు, మార్లిస్‌కి! నువ్వు నమ్ముతావా?

ఎవరికీ చెప్పలేదు. నీకే.

మార్లిస్


పైన్ కట్
సెప్టెంబరు

మార్లిస్‌కి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళెందుకు పట్టిందంటే, ఓదార్పు మాటలు నాకు రావు. వచ్చినవి రాసి చించేశాను.

తెలిసిందొకటి చెప్తాను. నేనూ రోజూ మధ్యాహ్నం ఆర్డిత్ దగ్గర కూర్చుంటున్నాను, డెల్బర్ట్ కాసేపు కునుకు తియ్యడానికి. ఆవిడకి ఇప్పుడు మాట్లాడే ఓపిక అసలు లేదు. వింటోందో నిద్రపోతోందో తెలియదు. మొదట్లో నేనూ నీలాగే బిగుసుకుపోయేవాణ్ణి. తరవాత ఆ పొద్దుటి నుంచీ జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. రొట్టె మాడింది. పోస్టు వేసే మనిషి మారాడు. కంచె మీద ఉడత నన్ను చూసి తిట్టింది. అంతే, అలాంటివే. పెద్ద మాటలు అక్కర్లేదు. నువ్వు నర్సువైతే ఏమిటి, నర్సుకి మాత్రం పొద్దున్న కాఫీ ఒలకదా? చెప్పు.

చెప్పి ఇంటికొస్తాను. ఇంట్లో ఎవరూ ఉండరు. అది మారలేదు, మారుతుందనీ అనుకోవడం లేదు. కానీ పొద్దున్న లేస్తే, మధ్యాహ్నం చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూస్తున్నాను. ఏడాదిగా నేను చుట్టూ చూడనేలేదు.

నవంబరులో డెల్బర్ట్ చెల్లెలు వచ్చి చలికాలమంతా ఉంటుందట. అప్పుడు నాకు పని లేదు. రైల్లో బయలుదేరి మీ ఊరొస్తాను. వద్దని రాయకు, నీ ఉత్తరం వచ్చేలోగా టిక్కెట్టు తీసేసుకుంటాను. స్టేషనుకి రానక్కర్లేదు. మధ్యాహ్నం నీతోపాటు వచ్చి కూర్చుంటాను. జీన్ మాటలు నాకెలాగూ సగమే వినబడతాయి, నా మాటలు ఆయన సగమే పట్టించుకుంటాడు, మాకు సరిపోతుంది. వేళ దాటిపోయి, మా ఆవిడ ఇవాళ రాలేదని ఆయన సర్దిచెప్తుంటే, నువ్వు ఒక్కదానివే వినక్కర్లేదు.

నేనెవరినని ఆయనకి చెప్తావో ఆలోచించి పెట్టుకో. ఎవరినని చెప్పినా నాకు అభ్యంతరం లేదు. నర్సు ఉద్యోగం ఇప్పటికే నీకిచ్చేశాడు కాబట్టి, నాకు ఇంకేదైనా చూడు.

మీ బావ